హస్తవాసి నేర్పే బడి ఎక్కడుంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య విద్యా సంచాలకులకు, డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ గారికి, జాతీయ వైద్య కమిషన్ పీజీ బోర్డు సభ్యులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో, ఉద్దానం అంచున ఉన్న ఒక మండల కేంద్రంలో క్లినిక్ నడుపుతున్నాను. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్ళు డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ పట్టా) ఫ్యామిలీ మెడిసిన్ చేశాను. ఇంటిల్లిపాదినీ, ఏ జబ్బుకైనా ముందుగా చూసే వైద్య శాఖ అది. బోర్డు మీద నా పేరు కింద ‘ఫ్యామిలీ డాక్టర్’ అని రాయించుకున్నాను. ఆ రెండు మాటలకు తగ్గ చదువు నాకు కాలేజీలో, ఆసుపత్రిలో దొరికింది సగమే. మిగతా సగం పేషెంట్ల దగ్గర, ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర నేర్చుకున్నాను. నా తర్వాత వచ్చే పిల్లలకు అలా జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక పేషెంటు సంగతి చెప్పాలి.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. “నీరసం డాక్టరమ్మా, కాళ్ళు లాగేస్తన్నాయి” అంటూ కూర్చుంది. వేళ్ళు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. జీడిపిక్కలు ఒలిచేవాళ్ళ చేతులు మా వైపు అలాగే ఉంటాయి, పిక్క తొక్కలోని జిడ్డు అంటుకుని కాల్చేస్తుంది. ఒళ్ళో బట్టల షాపు కవరు. అందులో నాలుగు ఆసుపత్రుల కాగితాలు, రెండు ఎక్స్‌రేలు, ఒక స్కానింగ్ ఫిల్ము, మందులు. కవరు మొత్తం బల్ల మీద బోర్లించమన్నాను. స్ట్రిప్పులు ఒక్కొక్కటే విడదీసి లెక్కపెడితే పదకొండు. చేతులకు చర్మం డాక్టరు రాసినవి, మోకాళ్ళకు ఎముకల డాక్టరు రాసినవి, బీపీకి ఒకరు, గ్యాసుకూ నిద్రకూ ఇంకొకరు. అందులో రెండు స్ట్రిప్పులు వేర్వేరు పేర్లతో ఉన్న ఒకే నొప్పి మాత్ర. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది ఇంకొకటి, అదీ నొప్పి మాత్రే. ఎనిమిది నెలల కిందటి కాగితంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష, దెబ్బతింటే అంకె పెరుగుతుంది) 1.1 ఉంది. నేను చేయిస్తే 1.9 వచ్చింది.

ఉద్దానంలో క్రియాటినిన్ అంటే ఏమిటని ఎవరూ అడగరు. చదువు రాని అవ్వలకు కూడా తమ నంబరు ఎంతో తెలుసు. కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. కానీ ఉన్న కిడ్నీని నొప్పి మాత్రలు ఇంకా దెబ్బతీస్తాయని ప్రతి డాక్టరుకూ తెలుసు. ఆవిడను చూసిన నలుగురికీ తెలుసు. ఎవరి చీటీ వరకు వాళ్ళది చూస్తే పెద్దగా తప్పు పట్టడానికి లేదు. ఆ నాలుగు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి మాత్రం ఆవిడకు లేకపోయాడు.

“ఇన్ని నొప్పి మాత్రలు ఎందుకమ్మా?” అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. భర్తకు ఏడాదిగా డయాలసిస్. వారానికి రెండు రోజులు ఆయన్ని తీసుకెళ్ళాలి. ఆ రెండు రోజుల కూలి పోతుంది కాబట్టి మిగతా రోజుల్లో చీకటి పడేదాకా పిక్కలు కొట్టాలి. మాత్ర వేసుకోకపోతే అన్ని గంటలు కింద కూర్చోలేదు.

పదకొండు మందులు నాలుగయ్యాయి. కింద కాకుండా పీట మీద కూర్చుని పని చేసేలా మేస్త్రీని అడగమన్నాను. డయాలసిస్‌కు ఒక రోజు కొడుకు వెళ్ళేలా నేనే అతనికి ఫోన్ చేసి మాట్లాడాను. పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నాను, వచ్చింది. అంతా కలిపి అరగంట పని. ఈ అరగంట పని నాకు ఏ వార్డులోనూ ఎవరూ నేర్పలేదు, ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

మన జనం దీన్ని హస్తవాసి అంటారు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక డాక్టరు గారికి ఆ పేరుండేది. ఆయన కాంపౌండరు ఎర్రటి మిక్చరు సీసాకు, డోసులు తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం అతికించి ఇచ్చేవాడు. ఆ సీసాలో మహత్యమేమీ లేదని డాక్టరు చదువు చదివాక తెలిసింది. ఆయన మా నాయనమ్మను, మా నాన్నను, నన్ను వరసగా చూస్తూ వచ్చారు. మా ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో, ఎవరు ఉన్న నొప్పి దాచుకుంటారో, ఎవరు గోరంత నొప్పిని కొండంత చేసి చెబుతారో ఆయనకు తెలుసు. ఆ తెలియడమే హస్తవాసి. అది పుట్టుకతో వచ్చే గుణం అని మనం అనుకుంటాం. నేను అలా అనుకోను. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళు ఉంటే వస్తుంది. నాకు అలాగే వచ్చింది, అదీ ఆలస్యంగా.

నా మూడేళ్ళ ట్రైనింగ్ ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగింది. మెడిసిన్‌లో కొన్ని నెలలు, సర్జరీలో కొన్ని, గైనిక్, పిల్లల వార్డు, ఎముకలు, చర్మం, కళ్ళు, చెవి ముక్కు గొంతు, మానసిక విభాగం, క్యాజువాలిటీ. ప్రతిచోటా నేను చుట్టపు చూపుగా వచ్చినదాన్నే. మెడిసిన్ వార్డులో మెడిసిన్ పీజీలు చేయగా మిగిలిన పని నాది. సర్జరీలో కేస్ షీట్లు నావి. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, చాలామంది ఓపికగా నేర్పారు. కానీ వాళ్ళు నేర్పింది వాళ్ళ పని. నా పని చేసే మనిషి ఆ భవనంలో ఒక్కరూ లేరు. నా థీసిస్ గైడ్ మంచి ఫిజీషియన్, ఆయన ఎప్పుడూ ఒక ఊళ్ళో కూర్చుని ప్రాక్టీస్ చేయలేదు. మూడేళ్ళలో ఒక్క కుటుంబాన్నీ ఏడాది పొడవునా చూసే అవకాశం నాకు రాలేదు. పేషెంటు డిశ్చార్జి అయితే వెళ్ళిపోయేవాడు, నెల తిరిగేసరికి నేను ఇంకో వార్డుకు వెళ్ళిపోయేదాన్ని. ఫ్యామిలీ మెడిసిన్ అన్న పేరులో ఫ్యామిలీ నాకు ఎక్కడా కనబడలేదు.

డీఎన్‌బీ అయ్యాక మా జిల్లాలోనే నలభై ఏళ్ళుగా ప్రాక్టీస్ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, మూడు నెలలు మీ పక్కన కూర్చుంటానని అడిగాను. ఆయన ఎంబీబీఎస్ మాత్రమే. మొదటి వారం నన్ను నోరు విప్పవద్దన్నారు. “మందు చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్ళి ఆగేవాళ్ళను చూడమ్మా” అన్నారు. చూశాను. గుమ్మం దగ్గర చెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి, “అన్నట్టు బాబూ...” అంటారు. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. దగ్గుకని వచ్చినామె రొమ్ములో గడ్డ గురించి అడిగింది. జ్వరమని వచ్చిన కుర్రాడు నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని అన్నాడు. ఆయన ఇద్దరినీ మళ్ళీ కూర్చోబెట్టారు. బయట ముప్పై మంది ఎదురుచూస్తున్నా ఆయన గడియారం చూడలేదు. నేను మూడేళ్ళలో నేర్చుకోనిది ఆ మూడు నెలల్లో నేర్చుకున్నాను. అది ఏ సర్టిఫికెట్‌లోనూ లేదు.

అయ్యా, ఇది నా ఒక్కదాని అదృష్టం, దురదృష్టం కథ అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. చదువు జరిగే చోటే ఈ పనికి సరిపోయింది కాదు. 1961లో అమెరికాలో కెర్ వైట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. వెయ్యి మంది పెద్దవాళ్ళను తీసుకుంటే ఒక నెలలో 750 మంది ఏదో ఒక నలత ఉందంటారు. 250 మంది డాక్టరు దగ్గరికి వెళతారు. తొమ్మిది మంది ఆసుపత్రిలో చేరతారు. పెద్ద బోధనాసుపత్రి దాకా వెళ్ళేది ఒక్కరు. దేశం వేరు, కాలం వేరు, మన లెక్కలు అచ్చం అలాగే ఉండవు. అయినా మెడికల్ కాలేజీ వార్డులో పడుకున్న మనిషి ఊరి జబ్బులకు నమూనా కాడని అర్థం చేసుకోవడానికి అది చాలు. ఆ ఒక్కరిని చూపించి, మిగతా 249 మందికి వైద్యం చేయమని మా పిల్లలను పంపుతున్నాం.

జ్వరమే తీసుకోండి. వార్డుకు వచ్చే జ్వరం ఐదో రోజుదో, ఏడో రోజుదో. అప్పటికి రక్త పరీక్షలు చేతిలో ఉంటాయి, జబ్బు తన పేరు తానే చెప్పేస్తుంది. నా దగ్గరికి వచ్చేది మొదటి రోజు సాయంత్రపు జ్వరం. ఒళ్ళు కాలుతూ ఉంటుంది, ఇంకేమీ ఉండదు. మామూలు వైరలా, డెంగీయా, టైఫాయిడా, మలేరియానా? ఆ గంటలో ఎవరూ చెప్పలేరు. చెప్పలేనప్పుడు ఏం చేయాలో తెలిసి ఉండటమే నా పని. అన్ని పరీక్షలూ రాసేసి కూలివాడి జేబు ఖాళీ చేయకూడదు, యాంటీబయాటిక్ ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. ఎప్పుడు మళ్ళీ రావాలో, ఏం కనబడితే అర్ధరాత్రయినా పరిగెత్తాలో తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతే ప్రమాదం మొదలవుతుంది. ‘జ్వరం తగ్గిపోయింది కదా’ అని తల్లులు ఊరుకుంటారు. “తగ్గాక కడుపునొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళలో రక్తం కనబడినా, పిల్ల మగతగా పడుకున్నా ఆగొద్దు” అని నేను చెప్పి, ఆ తల్లి చేత తిరిగి చెప్పించుకుంటాను. ఇలా తిరిగి చెప్పించుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

ఈ మాటలు కొత్తవని నేను అనడం లేదు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ప్రజల మధ్య ఉండి, రోగం రాకముందే చూసుకునే డాక్టరు ఈ దేశానికి కావాలని 1946లోనే, దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ రాసింది. 2002, 2017 జాతీయ ఆరోగ్య విధానాలు రెండూ ఫ్యామిలీ మెడిసిన్ పేరెత్తాయి. 2016లో పార్లమెంటరీ స్థాయీ సంఘం అన్ని మెడికల్ కాలేజీల్లో ఈ శాఖ పెట్టాలని సిఫార్సు చేసింది. ఆఖరికి 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో, పీజీ బోర్డు చేయవలసిన పనుల్లో ఫ్యామిలీ మెడిసిన్ పీజీ కోర్సులను ప్రోత్సహించడం కూడా ఒకటని రాసి ఉంది. బోర్డు సభ్యులారా, ఇది నా విన్నపం కన్నా ముందే చట్టం మీకు అప్పజెప్పిన పని.

మన రాష్ట్రం ఒక అడుగు ముందుకే వేసింది. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ‘ఫ్యామిలీ డాక్టర్’ విధానం మొదలైనప్పుడు నేను నిజంగా సంతోషించాను. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఇద్దరు డాక్టర్లు ఉంటే ఒకరు అక్కడే ఉండి, ఒకరు 104 సంచార వైద్య వాహనంలో ఊళ్ళకు వెళ్ళాలన్నారు. మంచం దిగలేని ముసలివాళ్ళను ఇంటికి వెళ్ళి చూడాలన్నారు. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి, దాని జోలికి నేను పోను. ఆ ఆలోచన మంచిది. కానీ ఆ 104 లో కూర్చున్న కుర్ర డాక్టరుకు ఈ పని ఎవరు నేర్పారు? నాకు తెలిసినవాళ్ళలో చాలామంది హౌస్ సర్జన్సీ అయిన మర్నాటి నుంచి ఆ పనిలో ఉన్నారు. ఒళ్ళో నీట్ పీజీ పుస్తకం పెట్టుకుని ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఆ ఉద్యోగాన్ని రెండేళ్ళు కూర్చుని లేచిపోయే వెయిటింగ్ రూములా మనమే తయారు చేశాం.

సర్వీస్ కోటా సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పీహెచ్‌సీలో ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టరుకు పీజీ సీటు ఇవ్వడం న్యాయమే. కానీ ఆ సీటు దేంట్లో? రేడియాలజీలో, అనస్తీషియాలో, ఆర్థోలో. చదివి వచ్చాక ఆయన మళ్ళీ ఆ పీహెచ్‌సీకి రాడు, రావాల్సిన పనీ లేదు. ఐదేళ్ళలో ఆ ఊరి గురించి, ఆ ఇళ్ళ గురించి ఆయన తెలుసుకున్నదంతా ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. ఆ స్థానంలోకి మళ్ళీ ఒక కొత్త కుర్రాడు వస్తాడు, మళ్ళీ మొదటి నుంచి. పల్లెలో పనిచేసే డాక్టరు పైకి రావాలంటే పల్లెను వదలడం ఒక్కటే దారి. ఆ దారి వేసింది మనమే కాబట్టి, ఇంకో దారి వేయడమూ మన చేతుల్లోనే ఉంది.

ఆ దారిని వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వేసి చూపించింది. ఉద్యోగం చేస్తూనే, ఉన్న ఊళ్ళోనే ఉండి, మధ్యమధ్యలో వచ్చి నేర్చుకునేలా ఫ్యామిలీ మెడిసిన్ కోర్సు నడిపింది. కేరళలో కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ మొదలై పదేళ్ళు దాటింది. మన పిల్లలు వేల సంఖ్యలో వెళ్ళే అమెరికాలో 1969లోనే దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించారు. అక్కడ రెసిడెన్సీ, అంటే పీజీ ట్రైనింగ్, మూడేళ్ళు. చేరిన మొదటి ఏడాదే రెసిడెంటుకు తన పేషెంట్లు అంటూ కొందరిని అప్పజెబుతారు, వార్డు మారినా ఊరు మారినంత పని ఉండదు, క్లినిక్ రోజున మళ్ళీ వాళ్ళే వస్తారు. బ్రిటన్‌లో జీపీ (వాళ్ళ ఫ్యామిలీ డాక్టరు) కావాలంటే ట్రైనింగ్‌లో పెద్ద భాగం ఆసుపత్రిలో కాదు, ఊళ్ళోని జీపీ క్లినిక్‌లో జరగాలి. నా బ్యాచ్‌మేట్ ఒకడు అక్కడ జీపీ. పేషెంటు అనుమతితో తను మాట్లాడిన తీరును వీడియో తీసి, ట్రైనర్ పక్కన కూర్చుని చూపించేవారట. “ఇదిగో, ఇక్కడ ఆవిడ ఏదో చెప్పబోయింది, నువ్వు కంప్యూటర్ వైపు తిరిగావు” అని. గుంటూరు దాటి ఎరగని కుర్రాడు అక్కడికి వెళ్ళి గొప్ప జీపీ అయ్యాడంటే, లోపం మన పిల్లల్లో లేదు కదా.

కాబట్టి నేను అడిగేది ఇది. కొత్తగా వచ్చే కాలేజీలతో మొదలుపెట్టినా సరే, ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఫ్యామిలీ మెడిసిన్ శాఖ తెరవండి. కమ్యూనిటీ మెడిసిన్ పక్కన పేరు చేర్చి ఊరుకోవద్దు. కమ్యూనిటీ మెడిసిన్ నాకు గౌరవమున్న శాస్త్రం, కానీ అది ఊరిని చూస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసే ఓపీ ఒకటి ఈ శాఖకు సొంతంగా ఉండాలి. కాలేజీ లోపల కాదు, బయట, పట్నంలో ఒక పేటలోనో పల్లెలోనో. పీజీ చేరిన మొదటి నెలలో యాభై కుటుంబాలను అతనికి అప్పజెప్పండి. మూడేళ్ళూ ఆ యాభై ఇళ్ళూ అతనివే. ఆ ఇంట్లో పురుడు, ఆ ఇంట్లో షుగరు, ఆ ఇంట్లో చావు అన్నీ అతను చూడాలి. మిగతా వార్డుల పోస్టింగులు ఉండాల్సిందే, నేను వద్దనను. పురుడు పోయడం, విరిగిన ఎముకకు కట్టు కట్టడం రాకుండా పల్లెకు వెళ్ళకూడదు. కానీ వారానికి ఒకటి రెండు రోజులు అతను తన క్లినిక్‌కు తిరిగి రావాలి.

నేర్పేవాళ్ళు ఎక్కడున్నారని అడుగుతారు. నిజమైన ప్రశ్న. ఫ్యామిలీ డాక్టరు లేని కాలేజీలో ఫ్యామిలీ డాక్టరు ప్రొఫెసర్ ఎలా దొరుకుతాడు? బయట ఉన్నారు. డీఎన్‌బీ చేసి చిన్న ఊళ్ళలో ప్రాక్టీస్ చేస్తున్నవాళ్ళు, పదేళ్ళుగా ఒకే పీహెచ్‌సీలో ఉండిపోయినవాళ్ళు, నాకు నేర్పిన పెద్దాయన లాంటివాళ్ళు. వాళ్ళు వారానికి ఒక రోజు వచ్చి నేర్పేలా, లేదా పీజీలే వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చునేలా నిబంధన మార్చండి. వాళ్ళకు పబ్లికేషన్లు ఉండవు. పేషెంట్లు ఉంటారు. నన్ను పిలిస్తే గురువారాలు వస్తాను, జీతం మాట ఎత్తను.

సర్వీస్ కోటాలో కొన్ని సీట్లు ఈ బ్రాంచికి పెట్టి, చదువుతున్నంత కాలం ఆ డాక్టరు పీహెచ్‌సీ ఆయనకే ఉంచండి. చదువు అయ్యాక స్పెషలిస్టు జీతంతో అక్కడే పోస్టు ఇవ్వండి. నేను డీఎన్‌బీ పాసైన ఏడాది ఒక ఉద్యోగ నోటిఫికేషన్ తీసి పై నుంచి కింది దాకా వేలు పెట్టి వెతికాను. అన్ని బ్రాంచీలూ ఉన్నాయి, నాది లేదు. ఆ రోజు మా అమ్మ అడిగిన మాట ఇంకా గుర్తుంది. “అయితే నువ్వు మూడేళ్ళు చదివింది లెక్కలోకి రాదా?” అని.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. కాలేజీ నుంచి ఒక హౌస్ సర్జన్ కుర్రాడు సెలవు రోజుల్లో నా క్లినిక్‌కు వచ్చి కూర్చుంటున్నాడు. ఎవరూ పంపలేదు, తనే వచ్చాడు. జీడిపిక్కల ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు అక్కడే ఉన్నాడు. ఆవిడ పాత స్ట్రిప్పులన్నీ తనే విడదీసి, ఏది ఆపాలో ఏది ఉంచాలో ముందు తను చెప్పి తర్వాత నన్ను అడిగాడు. రెండు తప్పులు చెప్పాడు, మిగతావి ఒప్పే. ఆవిడ వెళ్ళాక, “మేడమ్, నాకు ఇదే చేయాలనుంది. కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ పెట్టుకోవాలి?” అని అడిగాడు. వెల్లూరు పేరు చెప్పాను, కోజికోడ్ పేరు చెప్పాను. మన రాష్ట్రంలో అయితే అమ్మానాన్నలకు దగ్గరగా ఉంటుందన్నాడు. కొంచెం ఆగు, కనుక్కుని చెబుతానన్నాను.

వచ్చే కౌన్సెలింగ్ లోపు అతనికి నేను చెప్పగల కాలేజీ పేరు ఒకటి మీ నుంచి రావాలి. అతను మళ్ళీ ఆదివారం వస్తాడు.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ఫ్యామిలీ డాక్టరు